వరుస అయ్యేదాకా పాడాలి

ఆ రోజుల్లో నాకు రెండు గొంతులుండేవి. మొదటిది సోమవారం నుంచి శనివారం దాకా పనిచేసేది. నర్సీపట్నంలో ఒక ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ టీచరుగా కొత్తగా చేరాను. ముప్పై మంది పిల్లల ముందు కోతిలా గెంతుతూ, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టాయనకి కూడా నోటికొచ్చేసేటంత గట్టిగా పాటలు పాడేదాన్ని. రెండోది ఆదివారం గొంతు. చర్చిలో మా పిన్ని వెనకాల నిలబడి, నాకు తప్ప ఇంకెవరికీ వినపడకుండా పాడేది. దీనికో చరిత్ర ఉంది. ఏడో తరగతిలో క్రిస్మస్ రోజున నన్ను ఒంటరిగా పాడమని మైకు ముందు నిలబెట్టారు. నేను నోరు తెరిచాను. మైకు కుయ్యిమంది. నేను పక్కగుమ్మంలోంచి పరుగెత్తి ఇంటికెళ్లి మంచం కింద దూరాను. అప్పట్నుంచి కొత్తవాళ్లెవరొచ్చినా పెద్దవాళ్లు నన్ను "ఈ పిల్లేనండి, పాట మజ్జిలో పారిపోయింది" అనే పరిచయం చేసేవారు. (మధ్యలో కాదు, మొదలెట్టకముందే. చరిత్ర అన్నాక కచ్చితంగా ఉండాలి.)

మా చర్చిలో ఏటా కోత పండుగ చేస్తారు. ఆ రోజు ఎవరి పంటలో మొదటి భాగం వాళ్లు తెచ్చి, వరుసగా నడిచివెళ్లి ముందున్న బల్ల మీద పెడతారు. ధాన్యం, బెల్లం దిమ్మలు, గుమ్మడికాయలు, చెరకు గెడలు, కాళ్లు కట్టిన కోళ్లు అన్నీ వస్తాయి. వాళ్లు నడుస్తున్నంతసేపూ పాట సాగుతూ ఉండాలి. చరణాలు ఒక్కరే పాడాలి, పల్లవి సంఘమంతా అందుకోవాలి. ఆ ఒక్కరూ ఎప్పుడూ మా పిన్నే, ఆ పాట కూడా తను రాసుకున్నదే. "నాటిన చేయి మాదయ్యా, కురిసిన వాన నీదయ్యా" అని పిన్ని ఎత్తుకుంటే, చెరకు గెడ మోస్తున్నవాడి నడక కూడా తాళంలో పడేది.

ఆ ఏడాది పండుగ ఇంకా వారం ఉందనగా పిన్ని గొంతు పోయింది. నెల రోజులు పాట మాట దేవుడెరుగు, గట్టిగా మాట్లాడనే కూడదన్నాడు డాక్టరు. మా అన్నయ్య (పిన్ని కొడుకు, చర్చిలో కీబోర్డు వాయిస్తాడు) దీనికి ఒక్క నిమిషంలో ఉపాయం కనిపెట్టేశాడు. "పోయినేడు నువ్వు పాడింది నా ఫోన్లో ఉంది కదమ్మా. స్పీకర్లో పెట్టీస్తే సరిపోద్ది." పిన్ని కళ్లనిండా నీళ్లొచ్చాయి. నన్ను దగ్గరికి లాక్కుని గుసగుసగా, "ఒలే, ఆళ్లు ఏడాదంతా బురదలో దిగి పండించి తెత్తారు. ఆళ్లకి ఫోను పాడుద్దేటి? మనిషి పాడాల. నువ్వు పాడు" అంది. పిన్ని నన్ను అంతవరకు ఏదీ అడిగి ఎరగదు. కాదనడానికి నోరు తెరిచాను, అందులోంచి "సరే పిన్నీ" అని వచ్చింది. ఆ రాత్రంతా నా నోటిని నేనే తిట్టుకున్నాను.

ఇక ఆ వారమంతా సలహాల వారం. అమ్మ పూటపూటా మిరియాల కషాయం పట్టింది, గొంతు బాగుపడలేదు గాని కడుపు మండిపోయింది. పిన్ని "ఎనక గోడకి గడియారం ఉంది సూడు, దాన్నే సూసి పాడీ. మూడు సరణాలు, అయిదు నిమిషాలు. ఎంతలోకి?" అంది. అన్నయ్య మాత్రం "అందర్నీ ఎల్‌కేజీ పిల్లలనుకో" అన్నాడు. నాకు ఇదే నచ్చింది. తీరా ఆదివారం మైకు ముందు నిలబడి చూస్తే, మొదటి వరసలో నాకు లెక్కలు చెప్పిన రిటైర్డ్ హెడ్మాస్టరు గారు అవే మీసాలతో కూర్చుని ఉన్నారు. ఆయన్ని ఎల్‌కేజీలో వేయడం నా వల్ల కాలేదు. నేనే ఎల్‌కేజీకి వచ్చేశాను.

కీబోర్డు మోగింది. మొదటి చరణం నేను కాదు, నా గొంతులో దూరిన మేకపిల్ల పాడింది. చేతిలో పాట కాగితం టపటపా కొట్టుకుంటుంటే ఆ చప్పుడు కూడా మైకులో వినపడుతోంది. నా కళ్లు పక్కగుమ్మం మీదికి పోతూనే ఉన్నాయి. అది తెరిచే ఉంది కూడాను. కానీ ముందు బెంచీలో మెడకి మఫ్లర్ చుట్టుకున్న పిన్ని, నా మాటలకి తన పెదాలు కదుపుతోంది. రెండో చరణం ఎలాగో గట్టెక్కింది. మూడోది కూడా అయిపోయింది. బతికిపోయాన్రా దేవుడా అని మైకు పెట్టేయబోతుంటే, అన్నయ్య కళ్లతో గుమ్మం వైపు చూపించాడు. వరుస గుమ్మం దాటి, మెట్లు దిగి, గేటు దాకా ఉంది! ఆ ఏడాది పాస్టరు గారు కొండల మీది ఏజెన్సీ ఊళ్లన్నీ తిరిగి అందర్నీ పండక్కి రమ్మని పిలిచారు. ఆయన మాట కాదనలేక రెండు జీపుల జనం దిగారు. వరుస అయ్యేదాకా పాట ఆగకూడదు, నా దగ్గరేమో ఇంక చరణాల్లేవు.

మళ్లీ మొదటి చరణం ఎత్తుకున్నాను. ఆ తర్వాత రెండోది, మూడోది. వరుస తరగడం లేదు. అప్పుడు నాకో సంగతి తెలిసింది. భయపడటానికి కూడా ఓపిక కావాలి, మూడో చుట్టుకి నా దగ్గరున్న ఓపిక కాస్తా అయిపోయింది. ఒక్క మనిషి అయిదు నిమిషాలు వణకగలదు గాని అరగంట ఎక్కడ వణుకుతుంది? పాడిందే పాడితే నాకే విసుగొచ్చి, బడిలో పిల్లలకి పాటలు కట్టినట్టు, ఎదురుగా ఏదొస్తే దాని మీద చరణం కట్టేశాను. గుమ్మడికాయ వస్తే గుమ్మడికాయ మీద, అల్లం వస్తే అల్లం మీద. "కొక్కొరొకో కోడి కూడా నీదేనయ్యా" అనేసరికి కోడి నిజంగానే కూసింది. హెడ్మాస్టరు గారి మీసాలు కదిలాయి. (ఆయన నవ్వడం మా బ్యాచ్‌లో ఎవరూ చూడలేదు.) జనం పల్లవి అందుకుంటే చర్చి పైకప్పు రేకులు అదిరాయి.

చివరికి బల్ల నిండి, వరుస అయిపోయింది. పాస్టరు గారు ప్రార్థనకి చెయ్యెత్తారు. సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర ఒక ముసలమ్మ కనపడింది. రెండు చేతులతో పచ్చి పసుపు మూట పట్టుకుని, ఒక అడుగు లోపల పెట్టి, అందరి తలలూ చూసి, ఆ అడుగు వెనక్కి తీసేసుకుంది. ఆ అడుగు నాకు బాగా తెలుసు. నేను పాస్టరు గారి చెయ్యి చూడనట్టే నటించి, "పసుపు కొమ్ము కూడా నీదేనయ్యా" అని ఎత్తుకున్నాను. పాస్టరు గారు చెయ్యి మెల్లగా దించేశారు. ముసలమ్మ నా వైపే చూసింది. రమ్మన్నట్టు తలూపాను. ఆమె నడిచింది. ఎంత నిదానంగా నడిచిందంటే, పసుపు మీద నేను నాలుగు చరణాలు కట్టాల్సొచ్చింది. మూట బల్ల మీద పెట్టాక మాత్రమే ఆపాను. పిన్ని మఫ్లర్‌తో కళ్లు తుడుచుకుంటోంది.

భోజనాల దగ్గర ఆ ముసలమ్మ వెతుక్కుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నలుగుర్లోకి రావాలంటే నాకు సెడ్డ బయమమ్మా. ఎనక్కెల్లిపోదామనుకున్నాను. నీ పాట ఆగనేదని వచ్చీసినాను."

"నాకూ భయమే మామ్మా. నేనూ పారిపోదామనుకున్నాను."

"సాల్లే!" అంది నా చెయ్యి విదిలించేసి. "అరగంట పాడినావు, నీకేటి బయం? ముసిల్దాన్నని ఎటకారాలా?"

ఆ తర్వాత పిన్ని గొంతు బాగయింది గాని, కోత పండుగ పాట మాత్రం నాకే వదిలేసింది. ఇప్పుడు కొత్తవాళ్లకి నన్ను "ఈవిడ మైకు పట్టుకుంటే వదలదండి" అని పరిచయం చేస్తున్నారు. నిజం చెప్పాలంటే, ఇప్పటికీ కీబోర్డు మోగగానే పక్కగుమ్మం తెరిచి ఉందో లేదో ఒకసారి చూసుకుంటాను. నాకింకా భయమేనని ఎవరికి చెప్పినా నమ్మరు. అయినా నేనిప్పుడు పక్కగుమ్మం ఎంతసేపో చూడను. పెద్దగుమ్మం దగ్గర ఎవరైనా ఆగిపోయారేమో చూసుకోవాలి కదా.