ఓడ మావ నూనె పళ్ళెం

ఓడ మావ పోయారని మంగళవారం పొద్దున్నే మా వీధి వాట్సాప్ గ్రూపులో చూశాను. ఫొటో కింద ఎవరో రాశారు: "అంజనం వేసి దొంగల్ని పట్టించిన మహానుభావుడు." దాని కింద వరసగా దండాలు. ఆయన జీవితంలో ఎప్పుడూ అంజనం వెయ్యలేదు. ఆ అబద్ధం పుట్టింది మా ఇంట్లోనే.

కోటబొమ్మాళిలో ఆయనది మా ఎదురిల్లు. సరుకు ఓడల్లో అధికారిగా చేసి, రిటైరై వచ్చారు. వస్తూ వస్తూ సూర్యుడి ఎత్తు కొలిచే ఇత్తడి పరికరం, సెక్స్‌టెంట్, తెచ్చుకున్నారు. సముద్రం మీదైతే నీరూ ఆకాశమూ కలిసే గీత కనిపిస్తుంది. దాన్నుంచి కొలుస్తారు. మా వీధిలో ఆ గీత ఎక్కడిది? మేడలూ, నీళ్ళ ట్యాంకులూ, సెల్ టవరూ. అందుకని ఆ గీత చేసే పనిని ఆయన పెరట్లో ఒక పళ్ళేనికి అప్పగించారు. వెడల్పాటి పళ్ళెంలో, మెకానిక్ షెడ్డు నుంచి తెచ్చిన నల్లటి ఇంజన్ ఆయిలు పోసేవారు. గాలికి కదలకుండా దాని మీద రెండు అద్దం పలకలు పాక కప్పులా నిలబెట్టేవారు. ఆకాశంలో సూర్యుణ్ణీ నూనెలో సూర్యుణ్ణీ పరికరంలో ఒకదాని మీదికి ఒకటి తెచ్చి, వచ్చిన కోణంలో సగం తీసుకుంటే అదే సూర్యుడి ఎత్తు. దాన్నుంచి మన ఊరు భూమధ్యరేఖకి ఎన్ని డిగ్రీల ఉత్తరాన ఉందో లెక్క కట్టేవారు. వేసవి మధ్యాహ్నాల్లో సూర్యుడు మరీ నడినెత్తికొస్తే ఆ రెట్టింపు కోణం పరికరానికి అందదు. అందుకే ఆయనకి చలికాలం అంటే పండగ.

ఒకసారి నూనెకి బదులు బెల్లప్పాకం పోశారు. చీమలు, ఈగలు, పడి చచ్చిన ఓ బొద్దింక. నేను ముక్కు మూసుకుంటే నవ్వారు. "కంపు కొడితే కొట్టనీ అమ్మీ. మట్టంగా ఉన్నాదా నేదా, అది సూడు. పళ్ళెంలోది ఎవుడి మొహమూ సూసి వొంగదు."

నేను స్కూల్లో టీచరుగా చేరిన ఏడు మా అమ్మ గొలుసు కనబడలేదు. అమ్మ తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళింది.

"అన్నయ్యా, ఆ నూనెలోకి ఓపాలి సూసి సెప్పు, ఎవులు తీసేరో."

"సెల్లీ, ఇది సూర్యుణ్ణి కొలిసేది. దొంగల్ని కాదు," అన్నారాయన.

అయినా మా నాన్న వీధిలోకొచ్చి, "బావ నూనెలో సూసేడు. నూకాలే తీసింది," అన్నాడు. నూకాలు మా ఇంట్లో గిన్నెలు తోమే మనిషి. భయపెడితే తెచ్చి ఇచ్చేస్తుందని నాన్న ఎత్తు. జనం మూగారు. ఆమె కొప్పు విప్పించి వెతికారు. ఆమె సంచిని రోడ్డు మీద దులిపింది మాత్రం నేను. ఎండుచేపల తలకాయలు, ఓ పాత రవిక, మందుబిళ్ళలు పడ్డాయి. పిల్లలకి సైన్సు చెప్పే చేతులతోనే దులిపాను.

సంగతి తెలిసి ఓడ మావ పళ్ళెం పట్టుకుని బయటికొచ్చారు. నూనె తొణికి పంచె నల్లబడింది.

"నాను సూసేనని సెప్పినోడెవుడు? రండి. ఒక్కొక్కలూ వొంగి సూడండి."

ఎవరూ కదల్లేదు. నూకాలే వచ్చి వంగింది.

"ఏటి కనిపిస్తంది?"

"నా మొగమే బాబూ."

"అంతే. దాన్లో కనిపించేది అంతే," అని మా నాన్న వైపు తిరిగి ఉమ్మేశారు. అంత మర్యాదస్తుడు వీధిలో ఉమ్మడం నేను ఆ ఒక్కసారే చూశాను.

రెండు రోజుల తరవాత గొలుసు మా దిండు గలీబులో దొరికింది. "ఎవులికీ సెప్పకు, పరువు పోతాది," అంది అమ్మ. ఓడ మావకి ఒక్కరికే చెప్పాను. "నాకు సెప్తే ఏటొస్తాది? నీ నోటితో ఆవిడకి సెప్పు," అన్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేను వెళ్ళలేదు. అయినా నాకు తలుపు వెయ్యలేదు. నా క్లాసు పిల్లలకి చూపించడానికి పళ్ళెం మోసుకుని స్కూలుకి వచ్చారు. ఎందుకొచ్చారో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

నూకాల్ని ఎవరూ పనిలో పెట్టుకోలేదు. ఆయనే పెట్టుకున్నారు. ఆమెకి అంకెలు మాత్రం వచ్చు. ఆయన "ఇప్పుడు!" అనగానే గడియారం చూసి గంట, నిమిషం, సెకను రాసేది. రెండు చలికాలాలు గడిచేసరికి పరికరమే ఆమె చేతికిచ్చారు. "పద్దెనిమిదిన్నర డిగ్రీలు బాబూ! మనూరు ఎక్కడికీ పోనేదు," అని ఆమె కేకేస్తే, ఆయన నవ్వు మా వంటింట్లోకి వినిపించేది. వీధికి మాత్రం ఆమె దొంగ నూకాలే.

ఆ మంగళవారం శవం లేచాక ఆడవాళ్ళం ఆయన వాకిట్లో కూర్చున్నాం. "నూనెలో సూసి ఎంతమందిని పట్టించేరో!" అంది ఒకావిడ. మోకాళ్ళ నొప్పులని శ్మశానానికి వెళ్ళని మా నాన్న, కుర్చీలోంచి అవునన్నట్టు తలూపాడు.

"ఆయన నూనెలో ఎవర్నీ చూడలేదు," అన్నాను. "గొలుసు మా దిండులోనే దొరికింది. నూకాలు తియ్యలేదు."

"ఇప్పుడెందుకే అయ్యన్నీ?" నాన్న గొణిగాడు.

ఇల్లు కడుగుతున్న నూకాలు చీపురు ఆపి నా వంక చూసింది. "బాబు ఉండగా సెప్పలేకపోనావా?" అంది.

బకెట్ ఎత్తి గడప మీంచి వాకిట్లోకి గుమ్మరించింది. అందరూ చీరలు పట్టుకుని కాళ్ళు ఎత్తుకున్నారు. నేను ఎత్తుకోలేదు. పసుపూ, పూలరెక్కలూ, మట్టీ కలిసిన ఆ నీళ్ళు నా పాదాల మీదుగా మెల్లగా కాలవలోకి పోయాయి.