గుండీలు పెట్టుకోని మా బావమరిది

తిరుత్తణిలో ఉండే మా బావమరిది చొక్కా పైగుండీలు పుట్టాక పెట్టి ఎరగడు. "కట్టేస్తే ఏదీ పెరగదు బావా!" అంటూ నా గుండీలకూ చెయ్యేసేవాడు.

కల్యాణ మండపాల బుకింగ్ యాప్ పెట్టినప్పుడూ అదే పాట. గళ్లూ నియమాలూ ఉండే పట్టికల డేటాబేస్ వద్దని, ఏది పడేసినా మింగే వదులు డేటాబేస్ తెచ్చుకున్నాడు. ఆర్.కె.పేటలో మొదలైన యాప్ పళవేర్కాడు దాకా పెరిగి, సముద్రం అడ్డొచ్చి ఆగింది.

ఆ డేటాబేస్ ఒకే తేదీని ఇద్దరికీ ఇచ్చేయడంతో, ఒక ముహూర్తాన తిరుత్తణిలో ఒకే మండపానికి రెండు పెళ్లిళ్లు దిగాయి. రెండు మేళాల దెబ్బకు తిరుత్తణి కొండే పక్కకు జరిగిందనిపించింది. పెళ్లికూతుళ్ల తండ్రులు మావాణ్ణి సామాన్ల గదిలోకి తోసి, తలుపుకు చెరో తాళం వేశారు.

"బావా, ఊపిరాడలే! తెరవమను!" లోపలినుంచి ఏడుపు.

"మండపం ఎవురిదో తేలల్ల. మేమిద్దురూ ఒప్పుకుంటేనేరా తెరిచేది," అన్నాడొక తండ్రి.

తలుపు సందులోంచి మావాడి గొంతు సన్నగా వినిపించింది. "పట్టికల డేటాబేసూ ఇంతే గదా మామా! అన్నీ సరిపోతేనే తేదీ ఇస్తాది. ఇంగ తేదీలు దాంట్లో పెడతా, ఫోటోలు మాత్రం వదులుదాంట్లో."

చివరికి ఒక పెళ్లి భోజనాల హాల్లో జరిగింది. తాళాలు రెండూ తీసేసరికి, అంత ఉక్కలో, మావాడు మెడదాకా గుండీలు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.