కాంటా గదిలో రెండు తెరలు

రాయడం నాకు కొత్త. తెలిసిన చోటు కాబట్టి కాంటా గది నుంచే మొదలుపెడుతున్నాను.

మహబూబాబాద్ నుంచి కురవి పోయే దారిలో ట్రాక్టర్లు, లారీలు తూచే కాంటా మీద పనిచేస్తాను. బండి ఎక్కగానే కిటికీ పైనున్న మీటర్‌లో ఎర్ర అంకెలు వెలుగుతాయి. అవే అంకెలు నా కంప్యూటర్ తెర మీదికి వస్తాయి. రైతు కిటికీలోంచి రెండూ చూసుకుని తల ఊపాకే నేను చీటీ కొడతాను. మా దగ్గర అది అలవాటు.

పాత సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుంటే, జనగామలో ఉండే మా అక్క బిడ్డ కొత్తది రాస్తానంది. తనకు అదే ఉద్యోగం. ఏ ఫ్రేమ్‌వర్క్‌తో చేయాలో తేలక రెండు నమూనాలు తెచ్చింది.

"ఫ్రేమ్‌వర్క్ అంటే ఏందే?" అన్నాను.

"బటన్లు, డబ్బాలు తయారుగ దొరికే సామాను చిన్నమ్మా. మొదటి దాంట్ల లోపల బ్రౌజర్ నడుస్తది. మస్తుగుంటది, గని బరువు. రెండోది కంప్యూటర్‌ల ఉన్న బటన్లనే వాడుకుంటది. తేలిక. సోకు లేదు."

మొదటి దాంట్లో నిండు ట్రాక్టర్ బొమ్మ, ఖాళీ ట్రాక్టర్ బొమ్మ. చూడగానే ప్రాణం కుదుటపడింది. నేను అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను. పాత సాఫ్ట్‌వేర్ ఏ బటన్ ఎక్కడుందో గుర్తుపెట్టుకుని నడిపాను. ఆ సంగతి కాంటా సేటుకు తెలియదు. రెండో తెర బూడిద రంగు, అంతా సన్న అక్షరాలే.

"పొద్దుమీకేసరికి ఒక్కటి తేల్చుండ్రి," అన్నాడు సేటు. "నడుపరాకుంటే చెప్పమ్మా, డిగ్రీ పిల్లను పెడ్త." నవ్వుతూనే అన్నాడు.

బొమ్మలదే తెరిచాను. మిర్చి ట్రాక్టర్లు వరుస కట్టాయి. కొన్ని సాఫీగా పోయాయి. తర్వాత ఒక ట్రాక్టర్ ఎక్కింది. మీటర్ మారింది, తెర మారలేదు. ముందు బండి అంకెలే అక్కడ నిలబడిపోయాయి.

"అక్కా, పైన ఒక లెక్క, నీ తెరల ఒక లెక్క. ఏది నమ్మాలె?" అన్నాడు రైతు.

వెనకాల ఇంకొకాయన అందుకున్నాడు. "కొత్త మిషిన్ గద, కొత్త మోసం!"

నలుగురు కిటికీకి అడ్డం వచ్చారు. నా వేలు మీట మీదే ఆగిపోయింది.

"చీటీ కొట్టకు చిన్నమ్మా," అంది పక్కనున్న అక్క బిడ్డ. "గీ పాత కంప్యూటర్‌కు దమ్ము సరిపోతలేదు. రెండోది తెరువు."

తెరిచాను. అంకెలు వెంటనే మీటర్‌తో కలిశాయి. కానీ ఏ బటన్ నొక్కాలి? అందరూ చూస్తుండగా అక్షరం అక్షరం కలుపుకున్నాను. "జర జల్ది అక్కా!" అని అరుపులు. చివరికి చీటీ వచ్చింది. రైతు చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం సేటు అడిగాడు. "ఏది?"

"కొత్త కంప్యూటర్ కొంటే మొదటిదే పెట్టొచ్చు," అంది అక్క బిడ్డ.

"ఉన్నదాంట్లనే చెప్పు బిడ్డా."

"గా బొమ్మల్లేనిదే సేటూ," అన్నాను.

"చిన్నమ్మా, నీకు చదువుడు కష్టం గద!" అనేసి అక్క బిడ్డ నాలుక కరుచుకుంది.

సేటు నావైపు తిరిగాడు. "చదువరాదా?"

"నిదానంగ వస్తది. నేను జర ఆలస్యం చేస్తే తిట్టి ఊకుంటరు. అంకె ఆలస్యమైతే మళ్ల మన కాంటా ఎక్కరు."

"సరే, చూద్దాం," అని లేచి వెళ్లాడు.

తెల్లారి అక్క బిడ్డ ఆ బటన్ల పనిని కీబోర్డు పై వరుస మీటలకు కలిపింది. నేను నా బొట్టు బిళ్లలు తీసి వాటికి అంటించాను. నిండు బండికి ఎర్రది, ఖాళీ బండికి పచ్చది.

సేటు వచ్చి చూశాడు. "గిదేంది, కీబోర్డుకు పెండ్లా?"

బయట ట్రాక్టర్ ఎక్కింది. రైతు మీటర్ చూశాడు, తెర చూశాడు, తల ఊపాడు. ఎర్ర బిళ్ల నొక్కాను. సేటు ప్రింటర్ నుంచి చీటీ తెంపి తనే రైతుకు అందించాడు.