స్వెట్టర్లు ఇప్పని పొద్దు

బీదర్ చలి గురించి చెప్తే హైదరాబాదోళ్లు నవ్వుతరు. మూడు గంటల తొవ్వ, అంత ఫరక్ ఏముంటదంటరు. వాళ్లు డిసెంబర్ల, తెల్లారక ముందు, మా ఊరి బయటి మైదాన్ల నిలబడి చూడలే. ఊరే ఎత్తు మీద ఉంటది. గాలికి అడ్డం ఏముండదు. ఎర్రమట్టి నేల రాత్రంత సల్లబడి ఉంటే, ఆ సల్లదనం క్యాన్వాస్ బూట్ల అడుగుల నుంచి మోకాళ్ల దాంక పాకుతది. ఆ మైదాన్ల నేను నాలుగు నెలలు నిలబడ్డ.

అప్పుడు నాకు ఇరవై ఏండ్లు. హైదరాబాద్‌ల అద్దాల బిల్డింగులు వరుసగ లేస్తున్న రోజులు. ప్రతి గేటుకాడ ఆడోళ్ల సంచులు చూసేటందుకు ఆడ గార్డులు కావాలెనని కంపెనీలు మా దిక్కు గూడ వచ్చి మనుషులను ఏరుకపోతుండె. జహీరాబాద్ దిక్కు నుంచి వచ్చి బీదర్‌ల ఇల్లు కట్టుకున్న ఒకాయన, ఫౌజుల నుంచి రిటైరైనాయన, ట్రైనింగ్ సెంటర్ తెరిసిండు. అందరు ఆయనను సర్ అనేటోళ్లు. మేం ఇరవై రెండు మంది ఆడపిల్లలం చేరినం. నాకైతే గేటు కాడ నిలబడే నౌకరి మీద మనసు లేకుండె. పోలీసుల చేరాలెనని ఉండె. పరుగు, పరేడు నేర్చుకుంటె రెంటికీ పనికొస్తదని చేరిన.

మా నాయిన చర్చి బడిల గుమస్తా. ఇంట్ల తెలుగు, బడిల కన్నడం, గల్లీల ఉర్దూ. మూడు బాసలు వచ్చినదాన్నని సర్ నన్ను పిల్లలకు సీనియర్ చేసిండు. మెడల సీటీ, పరేడుల ఊదే ఈల, ఏసుకొని తిరిగిన. ఇంటికొచ్చినంక గూడ తీయకపోదును.

మా డ్రెస్సు తెల్ల టీషర్టు, సగం చేతులది, నీలం ట్రాక్ ప్యాంటు. బట్ట ఎంత పల్చగుండె అంటె ఎండకు పట్టి చూస్తె అవుతలి మనిషి కనపడేటట్టు. దాని మీద స్వెట్టర్ ఉండొద్దు, లోపల ఉండొద్దు, తలకు స్కార్ఫు కట్టొద్దు. ఫౌజుల అట్లనే ఉంటదని సర్ మాట. ఐదున్నరకు మేం లైన్ల ఉండాలె. ఆయన ఏడు దాటినంక వస్తుండె, మందం కోటు, మఫ్లరు, మంకీ క్యాపు ఏసుకొని. ఆయన వచ్చేలోపల డ్రెస్సు చూసుడు నా పని. ఎవలన్న లోపల స్వెట్టర్ ఏసుకుంటె ఇప్పించాలె. నేను ఆ పని మస్తు ఇష్టంగ చేసిన. ఇప్పుడు చెప్పుకుంటె సిగ్గయితది గని, నిజం అదే.

మా అందర్ల చిన్నది దుబల్గుండి అనే ఊరి పిల్ల. బీదర్‌ల వాళ్ల అక్క ఇంట్ల ఉండి వస్తుండె. సన్నటి మనిషి, మాట తక్కువ. ఒకరోజు దాని టీషర్టు కాలర్ల నుంచి గోధుమ రంగు ఊలు కనపడ్డది.

"ఇప్పెయ్" అన్న.

"అక్కా, సర్ వచ్చేదాంక ఉంచుకుంట. స్కూటర్ సప్పుడు ఇనపడంగనే తీస్త."

"నీకొక్కదానికే చలా? ఇప్పు."

పక్కకు పోయి ఇప్పింది, మడత పెట్టి సంచిల పెట్టుకున్నది. ఆ రోజు సర్ ఇంకా ఆలస్యం చేసిండు. సావధాన్‌ల, విశ్రామ్‌ల, మళ్ల సావధాన్‌ల నిలబెట్టిన వాళ్లను. ఉరికితే చలి ఉండదు. నిలబడితేనే ఉంటది. అది నాకు తెల్వక గాదు, నా ఒంటికే తెలుస్తుండె. అయినా నిలబెట్టిన, హుకుం అని. కొంతసేపటికి ఆ పిల్ల మోకాళ్లు వంగినయి. కూసున్నట్టే కింద పడ్డది. దగ్గరికి పోయి చూస్తె పెదవులు నల్లబడ్డయి, వేళ్లు కట్టెల తీరుగ ఉన్నయి, ఏదో చెప్పాలెనని చూస్తుంది గని నోరు తిరుగుతలేదు.

ఇంకొక పిల్లను తోడు తీసుకొని రోడ్డు మీది చాయి హోటల్ దాంక నడిపించుకుంట పోయిన. పొయ్యి పక్కన కూసోబెట్టినం. గ్లాసు పట్టుకోనీకి దానికి చేతులు రాలే. నేనే పట్టి తాగించిన. నన్ను తిడుతదనుకున్న. తిడితే బాగుండని గూడ అనిపించింది. నోరు తిరిగినంక అది అన్న మాట ఒక్కటే.

"అక్కా, నా పేరు కొట్టెయ్యకు. రేపటి సంది స్వెట్టర్ తేను."

నా మీద నాకు అంత కోపం ఎన్నడు రాలే.

ఆ పొద్దే సర్ ఆఫీసుకు పోయిన. ఆఫీసంటె ఒక రేకుల అర్ర. జరిగింది చెప్పి, అడిగిన. "సర్, మీరు వచ్చేదాంక స్వెట్టర్లు ఉండనియ్యుండ్రి. ఉరుకుడు మొదలు కాంగనె తీసేస్తం."

ఆయన నవ్విండు. "సరిహద్దుల మంచుల నిలబడేటోళ్లు స్వెట్టర్ అడుగుతరా బిడ్డా?"

"వాళ్లకు కోట్లిస్తరు సర్."

నవ్వు ఆపిండు. "వచ్చే శనివారం హైదరాబాద్ నుంచి కంపెనీవాళ్లు వస్తుండ్రు. మైదాన్ల అందరు ఒక్క తీరుగ కనపడాలె. ఒక్క స్వెట్టర్ కనపడినా నీ సీనియర్ పోతది, సర్టిఫికెట్ పోతది. పో."

ఆదివారం మా మేనమామ ఇంటికొచ్చిండు. ఆయన గూడ ఫౌజుల పదిహేనేండ్లు చేసి వచ్చినోడే. అన్నం తినుకుంట ఇదంత చెప్పిన. మామ ప్లేటు పక్కకు జరిపి అడిగిండు, "మీ సర్ అదే డ్రెస్సుల నిలబడుతడా?"

"లేదు మామా. కోటు ఏసుకుంటడు."

"మా దగ్గర పెద్దాయన డ్రెస్సు హుకుం ఇచ్చే ముందుగాల తానే బయటికొచ్చి అదే బట్టల నిలబడి చూసేటోడు. గాలి ఎట్లున్నదో ఒంటి మీద చూసుకొని చెప్పేటోడు. చలి కాలం పైన జర్సీ ఏసుకొనే రమ్మనేది. ఉరికి చెమట పట్టినంక ఇప్పమనేది. ఆగంగనె మళ్ల ఏసుకోమనేది. మనుషుల్ని నిలబెట్టి గడ్డకట్టిచ్చుడు నేను ఫౌజుల చూడలే."

"మరి సర్ గూడ ఫౌజే కదా?"

"ఫౌజుల ఉన్నోళ్లంత ఫౌజు నేర్చుకున్నోళ్లు గాదు" అన్నడు మామ. "సీటీ నీ మెడల ఉన్నది. రేపు ఆ పిల్లకేమన్న అయితే నువ్వు జవాబ్ చెప్పాలె, ఆయన గాదు."

శుక్రవారం సాయంత్రం క్లాసు అయిపోయినంక పిల్లలను చెట్టు కింద ఆపిన. "రేపు అందరు స్వెట్టర్లు ఏసుకొని రావాలె. లేనోళ్లు శాలువ, అన్న కోటు, ఏదున్నా సరే. ఒక్కరు గూడ ఒట్టి టీషర్టు మీద రావొద్దు" అని చెప్పిన.

"సర్టిఫికెట్లు పోతయి గదక్కా" అన్నది ఒకామె.

"హుకుం నాది. అడిగితె నా పేరు చెప్పుండ్రి."

ఆరుగురికి ఇంట్ల ఏం లేకుండె. అమ్మకు చెప్తె మొదట కోపానికొచ్చింది. "ఊరందరి లొల్లి నీకెందుకు? నీకు స్వెట్టర్ ఉన్నది గదా" అన్నది. కొంచెంసేపు అటిటు తిరిగింది. మళ్ల తానే చెప్పులేసుకొని చర్చిల పాటలు పాడే ఆడోళ్ల ఇండ్లకు పోయి ఐదు స్వెట్టర్లు తెచ్చింది. ఆరోది తన శాలువ.

శనివారం పొద్దుగాల గాలి మస్తు కొడుతుండె. ఇరవై రెండు మంది ఇరవై రెండు రంగులల్ల వచ్చినం. ఒకామె వాళ్ల నాయిన పెండ్లి కోటు ఏసుకొచ్చింది. చేతులు మోకాళ్ల దాంక యేలాడుతున్నయి. నేను లైన్ కట్టియ్యలే. మైదాన్ చుట్టు నడిపించిన. అలసిపోతె ఆగకుండ మెల్లగ నడవమన్న. నాలుగు నెలలల్ల మొదటిసారి పిల్లలు ఆ టైముకు ముచ్చట్లు పెట్టుకుంట నవ్విండ్రు.

కంపెనీవాళ్లు వచ్చే రోజని సర్ ఆ పొద్దు ముందుగాలనె వచ్చిండు. స్కూటర్ స్టాండ్ గూడ సక్కగ ఏయలే, అది పక్కకు ఒరిగింది.

"ఏంది ఈ తమాష? పెండ్లికి వచ్చిండ్రా? ఇప్పండ్రి అన్నీ."

పిల్లలు నా దిక్కు చూసిండ్రు. ముందుకు పోయి సావధాన్‌ల నిలబడ్డ.

"ఇప్పుతరు సర్. మీరు కోటు ఇప్పుండ్రి. మాతోటి నిలబడుండ్రి. అప్పుడు నేనే ఇప్పిస్త."

ఆయనకు మొదట అర్థం గాలే అనుకుంట. అర్థమైనంక ముఖం ఎర్రబడ్డది. కోటు జిప్పు మీద చెయ్యి పెట్టిండు. ఒక్క నిమిషం, ఇప్పుతడనే అనుకున్న. ఇప్పలే. జిప్పును మెడ దాంక గుంజుకొని, వచ్చి నా మెడల నుంచి సీటీ తీసుకున్నడు. పిల్లలల్ల అటిటు చూసి, అందరికంటె భయస్తురాలు ఎవరో ఆయనకు తెలుసు, దుబల్గుండి పిల్ల చేతుల పెట్టిండు.

"ఇయ్యాల్టి సంది నువ్వే సీనియర్. చెప్పు వాళ్లకు."

ఆ పిల్ల సీటీ దిక్కు చూసింది, నా దిక్కు చూడలే. గోధుమ రంగు స్వెట్టర్ చేతులు కిందికి గుంజుకున్నది. సీటీ ఊదింది. సన్నటి గొంతుతోటి, మైదాన్ అవతలి కొస దాంక ఇనపడేటట్టు అన్నది.

"దౌడ్ కే చల్."

ఇరవై రెండు మందిమి ఉరికినం, స్వెట్టర్లతోటి, శాలువలతోటి, పెండ్లి కోటుతోటి. సర్ నడుమల నిలబడి "రుకో, రుకో" అంటనే ఉన్నడు. ఎవరు ఆగలే. నాలుగు చుట్లు అయినంక, చెమట పట్టినంక, ఆ పిల్లనె ఇప్పమని చెప్పింది. గోడ పక్కన కుప్ప పెట్టినం. మామ మాట నేను శుక్రవారం అందరికి చెప్పి ఉంటి. ఆ పిల్ల మర్చిపోలే.

కంపెనీవాళ్ల కారు వచ్చేటప్పటికి మేం తెల్ల టీషర్టులల్ల, ముఖాలు ఎర్రగ, వరుసల ఉన్నం. చెప్పినయన్నీ చేసినం, మంచిగ చేసినం. వాళ్లు కాయితాలు తీసి రాసుకునుడు మొదలు పెట్టంగనె దుబల్గుండి పిల్ల మళ్ల సీటీ ఊది, స్వెట్టర్లు ఏసుకోమన్నది. సర్ పండ్లు కొరికిండు గని, వచ్చినోళ్ల ముంగట ఏమనలేకపోయిండు. వాళ్లకైతే అది ట్రైనింగ్‌ల భాగమే అనిపించినట్టుంది. ఒకాయన మెచ్చుకున్నట్టు తల గూడ ఊపిండు.

పదకొండు మందిని తీసుకున్నరు. మొదటి పేరు ఆ పిల్లదే. నా పేరు లిస్టుల లేకుండె, సర్ ముందే కొట్టేసిండు. సర్టిఫికెట్ గూడ ఇయ్యలే. నాయిన నన్ను పక్కకు పిలిచి, "ఒక్కసారి పోయి మాఫీ అడుగు బిడ్డా, పెద్ద మనిషి, నాలుగు నెలల కష్టం" అన్నడు. నాయిన మాట నేను కాదన్నది అదే మొదటిసారి. పోను అన్న. ఆయన రెండు రోజులు నాతోటి మాట్లాడలే. మూడోరోజు అన్నం కాడ చేపల కూర నా దిక్కు జరిపిండు. అంతే, మళ్ల ఆ ముచ్చట తీయలే.

పోలీసు పరీక్ష మొదటిసారి తప్పిన. కన్నడం పేపర్ల పోయింది. రెండోసారి పాసైన. పరుగుల ముందు వరుసల వచ్చిన.

చాలా ఏండ్లకు బసవకళ్యాణ్ బస్టాండ్ల డ్యూటీల ఉన్నప్పుడు ఒక ముసలాయన వచ్చి బీదర్ బస్సు ఎప్పుడని అడిగిండు. "మేడం" అన్నడు. గొంతు పట్టి సర్ అని గుర్తు పట్టిన. నేను ఎవరో చెప్పిన. కొంచెంసేపు నా ఖాకీ దిక్కు చూసిండు.

"ఆ రోజు నువ్వు నా ఇజ్జత్ తీసినవ్" అన్నడు.

"అవును సర్."

"ఇన్నేండ్లకు కలిసినవ్, తప్పైందంటవనుకున్న."

"అనను సర్. మళ్ల ఆ పొద్దు వస్తె మళ్ల అదే చేస్త."

ఆయన మోకాళ్లు నొస్తున్నయని నిలబడ్డ తీరు చూస్తె తెలుస్తుంది. బెంచి మీద ఇద్దరిని జరిపి ఆయనకు జాగ చేసిన. బీదర్ బస్సు ఆ రోజు అరగంట ఆలస్యంగ వచ్చింది. వచ్చేదాంక ఆయన కూసున్నడు, నేను పక్కన నిలబడి ఉన్న.