ఆలివ్ జాడీలో రాయి

హరిదిమోస్ ఈల వేశాడంటే రేవులో వలలు బాగుచేసుకునేవాళ్ళు కూడా తలెత్తి చూసేవాళ్ళు. ఊరి చివర, పూర్వం ఆ దీవిని ఏలిన మినోవన్ల రాజభవనం శిథిలాలకి ఇరవై ఆరేళ్ళుగా ఆయనే కాపలా. గోడ మీద కాలు పెడితే ఈల, మెట్టు మీద కూర్చుంటే ఈల. "రాజుగారు పోయి మూడున్నర వేల ఏళ్ళయింది, భటుడు మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు" అని ఊరంతా వెక్కిరించేది. ఆయనకి లోలోపల ఆ మాట ఇష్టమే.

ఒక మధ్యాహ్నం, గోడవారగా వంగి సంచిలో చెయ్యి పెడుతున్న ముసలాయన కంటపడ్డాడు. హరిదిమోస్ ఒక్క ఉదుటున వెళ్ళి సంచి లాక్కుని, యాత్రికులందరి ముందూ బోర్లించాడు. నీళ్ళ సీసా, మందుబిళ్ళలు, రుమాల్లో చుట్టిన కుండపెంకు ఒకటి కిందపడ్డాయి.

"సిగ్గు లేదూ? ఈ వయసులో దొంగతనమా!"

ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని బిళ్ళలు ఏరుకుంటూ అన్నాడు: "దొంగనే నాయనా. కాకపోతే ఈవేళ కాదు, నలభై ఏళ్ళ కిందట. బడిపిల్లల్ని ఏథెన్స్ నుంచి ఇక్కడికి తీసుకొచ్చిన మాస్టార్ని. అప్పుడు జేబులో వేసుకున్నా. తీసిన చోటే పెట్టిపోదామని వచ్చా."

హరిదిమోస్ మొహం మాడిపోయింది. తనూ కూలబడి బిళ్ళలు ఏరాడు. క్షమించమని నోటితో అడగడం ఆ ఊరివాళ్ళకి రాదు. తప్పు చేస్తే ఆ మనిషిని ఇంటికి తీసుకెళ్ళి కడుపునిండా పెట్టడమే తెలుసు. అలాగే తీసుకెళ్ళాడు.

భార్య రొదాంథి రొట్టె కోసింది, మేక జున్ను పెట్టింది, చిన్న గ్లాసుల్లో రాకీ అనే ద్రాక్షసారా పోసింది. "మా అత్తగారి చేతి ఆలివ్ కాయలు ఈ ఊళ్ళో ఎవరికీ కుదరవు మాస్టారూ. ఆ పాళ్ళు నాకే చెప్పింది" అంటూ జాడీని బల్ల దగ్గరకి లాగింది.

అప్పుడు గుర్తొచ్చింది హరిదిమోస్‌కి. "ఇప్పుడవి ఎందుకులే" అన్నాడు.

"ఏంటయ్యా ఆ పిసినారితనం? ఇంటికొచ్చిన మనిషికి కాయలు కూడా పెట్టొద్దా?"

కాయలు ఉప్పునీళ్ళలోంచి పైకి తేలకుండా అదిమిపెట్టిన రాయిని ఎత్తి, ఆవిడ అతిథి కంచం పక్కనే పెట్టింది. గుండ్రటి రాతిమూత. అంచు చుట్టూ అలల చెక్కడం, మధ్యలో పట్టుకోవడానికి బుడిపె. తవ్వకాలు మొదలవకముందు ఎప్పుడో గొర్రెలు కాస్తూ హరిదిమోస్ వాళ్ళమ్మ ఆ శిథిలాల్లోంచి తెచ్చింది. అది ఏమిటో హరిదిమోస్‌కి తెలియక కాదు. కొలువులో చేరిన మొదటి ఏడే తెలిసింది. ఏటా కాయలు ఊరవేసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకునేవాడు, అంతే.

మాస్టారు రాయిని చూశాడు. ఇంటాయన్ని చూశాడు. ఒక కాయ నోట్లో వేసుకుని, "ఉప్పు సరిగ్గా సరిపోయిందమ్మా" అన్నాడు. ఇంకో కాయ అందుకున్నాడు. నలుగురిలో తిట్టినా బాగుండేది హరిదిమోస్‌కి.

మర్నాడు పొద్దున్నే మాస్టారు ఇచ్చిపోయిన పెంకునీ మూతనీ తీసుకెళ్ళి, తవ్వకాల బాధ్యత చూసే ఎవ్యేనియా బల్ల మీద పెట్టాడు. చదువుకునే రోజుల నుంచీ ఆమెకి ఆయన తెలుసు. పెంకు సంగతి విని రాసుకుంది. మూత చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"ఇదెక్కడిది బాబాయ్?"

ఆమె మూతని వాసన చూసింది, ఆలివ్ ఊరవేసిన ఉప్పునీళ్ళ వాసన. అర్థమైంది. "పొలంలో దొరికిందని రాసెయ్యనా? ఎవరూ అడగరు."

పొలం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది అనేస్తే ఇరవై ఆరేళ్ళ పేరు అలాగే నిలిచేది. మాస్టారు మందుబిళ్ళలు ఏరుకున్న తీరు కళ్ళముందు మెదిలింది.

"మా ఇంట్లో అని రాయమ్మా. మా అమ్మ తెచ్చింది, తెలిసీ నేను దాచాను."

ఆ మూత ఇప్పుడు గేటు పక్క గదిలో, అద్దాల పెట్టెలో ఉంది. ఎన్నిసార్లు కడిగినా ఎండాకాలంలో దాని మీద ఉప్పు తెల్లగా పొంగుతుంది. కింద చీటీలో "దొరికిన చోటు: కాపలాదారు ఇల్లు" అని ఉంది. మొన్న ఒకావిడ అది చదివి పగలబడి నవ్వింది. "ఎవరండీ ఈ కాపలాదారు?" అని గుమ్మంలో ఉన్న మనిషినే అడిగింది.

హరిదిమోస్ మెడలోని ఈలని అరచేత్తో కప్పుకున్నాడు.

"నేనేనమ్మా" అన్నాడు.