వంకకు ఇటూ అటూ రెండు చీటీలు

పొద్దున ఆరుంబావుకు కర్నూలు బస్టాండులో కడప బస్సెక్కి మైదుకూరుకు టికెట్టు తీసుకున్నాను. మా పరిశోధన ఎందుకు తేలిపోయిందో తెలుసుకోవాలని బయలుదేరాను.

నర్సు ఇంటికే వెళ్లి మాత్రలిస్తే బీపీ అదుపులో ఉంటుందా అన్నది మా ప్రశ్న. ఒకే ఊళ్లో ఒకరికిచ్చి పక్కింటివాళ్లకు లేదంటే బాగుండదు. అందుకని ఆరోగ్య కేంద్రానికొక చీటీ రాసి స్టీలు గ్లాసులో వేశాం. తీసింది నేనే. చీటీ వచ్చిన కేంద్రాల ఊళ్లకు ఇంటికే మాత్రలు, రానివాళ్లు ఎప్పటిలా ఆసుపత్రికి పోవాలి. ఏడాది తర్వాత చూస్తే రెండు వైపులా తేడా లేదు. ఫలితం లేదు కాబట్టి నెలాఖరుకు ఆపేయమని పైవాళ్లు అన్నారు.

ఎనిమిదింటికి నంద్యాల. ఉగ్గాని, బజ్జీ పొట్లం కట్టించుకుని బస్సులోనే తింటున్నాను. పక్క సీట్లోకి పసుపు విత్తనానికి పోతున్న రైతు ఒకాయన వచ్చాడు. నేను వెళ్లే రెండు ఊళ్ల పేర్లు చెబితే నవ్వాడు.

"రెండూర్లు యాడివప్పా? నడుమ వంక ఒగటే అడ్డం. ఈడ పిల్లను ఆడికిస్తారు, ఆడ పిల్లను ఈడికి తెచ్చుకుంటారు."

బజ్జీ పొట్లం మడిచి పక్కన పెట్టాను. ఆ రెండు ఊళ్లు వేరువేరు కేంద్రాల కిందివి. పటంలో వాటి మధ్య ఆ వాగు గీత చూసి, చక్కగా విడివిడిగా ఉన్నాయని సంబరపడ్డవాణ్ణి నేను.

పదింబావుకు మైదుకూరులో దిగి ఆటో పట్టాను. చీటీ వచ్చిన ఊళ్లో నర్సు నన్ను హుసేన్‌బీ ఇంటికి తీసుకెళ్లింది. మాత్రలు చూపించమంటే, కత్తెరతో సగానికి కత్తిరించిన అట్ట తెచ్చిందామె.

"మా చెల్లెలు వంక అవతల ఉండాది. దానికీ బీపీనే. మోకాళ్ల నొప్పులతో ఆసుపత్రికి పోలేకపోతాంది. దాన్ని ఇడిసి నేనొక్కదాన్నే ఎట్ల మింగేదప్పా? ఒగ దినం నేను, ఒగ దినం అది."

నర్సు పట్టీ చుట్టి చూసింది. బీపీ ఎక్కువే ఉంది. ఇంకో రెండిళ్లకు పోయాం. అక్కడా కత్తిరించిన అట్టలే. సగం మందుతో ఇటూ తగ్గలేదు, అటూ తగ్గలేదు, ఇక తేడా ఎక్కడ కనబడుతుంది? మందు తప్పు కాదు, నర్సు తప్పు అసలే కాదు. చీటీలు తీసి గ్లాసు బోర్లించగానే నా పని అయిపోయిందనుకున్నాను. ఇల్లలకగానే పండగా? ఒక్కసారి ఆ వంక దాటి ఉంటే సరిపోయేది. చాలా సిగ్గేసింది.

ఊళ్లను చీటీలు తీసి ఎంచామని, వచ్చే నెల నుంచి మాత్రలు ఇంటికి రావని తిరిగి వెళ్లి హుసేన్‌బీకి నేనే చెప్పాను. ఆమె టీ గ్లాసు నా చేతికిచ్చి అంది:

"మళ్లా చీటీలెత్తేటప్పుడు మా రెండూర్లూ ఒగే చీటీలో రాయప్పా. శానా పుణ్యముంటాది."

నేను ఇన్నేళ్లు చదివి రాయలేని చీటీ అది.

రెండున్నరకు తిరుగు బస్సు. కిటికీ పక్క సీటు దొరికినా నల్లమల వైపు చూడబుద్ధి కాలేదు. ఇలాంటి పని మీద ఇటు వచ్చేవాళ్లకు ఒకటే చెప్తాను. చీటీలు రాసేముందు, ఆడపిల్లలను ఏ ఊరికిస్తారో అడగండి. టికెట్టు వెనక రెండు ఊళ్ల పేర్లూ ఒకే వరుసలో రాసుకున్నాను. మళ్లీ చీటీలు తీసేది లేదని మాత్రం ఆమెకు చెప్పలేక వచ్చేశాను.