అరికాళ్ళ మంటకు మాటల వైద్యం

సెలూన్ బాబాయ్‌కి షుగరు పాత చుట్టం. ఈమధ్య అది అరికాళ్ళలో మంట పెట్టింది. రోజంతా కుర్చీ వెనక నిలబడి క్షవరాలు చేసేవాడికి ఇంతకంటే నరకం ఏముంటుంది? మాత్రలు వేసుకుంటే కాస్త తగ్గేది, అంతే. దానికి తోడు వేళ్ళ చివర్లు కూడా తిమ్మిరెక్కుతున్నాయి. కత్తి పట్టే వేళ్ళు! ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పకుండా మింగేశాడు మహానుభావుడు.

మందులతో పాటు సైకాలజిస్టుని కూడా కలవమన్నాడు డాక్టరు.

"నాకేమన్నా పిచ్చా? కాలు మండుతోందంటే బుర్రకి వైద్యమంటాడేంటే!" అని భార్య మీద ఎగిరాడు. ఆవిడ చెప్పులు తెచ్చి ముందు పడేసింది.

సైకాలజిస్టు చిన్నపిల్ల. నొప్పి నిజమేనని, భయపడేకొద్దీ అది ఇంకా నెత్తికెక్కుతుందని, ఆ భయాన్ని లొంగదీసే పద్ధతులు నేర్పుతానని చెప్పింది. బాబాయ్ బుద్ధిగా తలూపాడు. ఊపి, "నిద్ర సరిగా లేనట్టుందమ్మా మీకు?" అన్నాడు. కుర్చీలో కూర్చున్న ప్రతివాడి చేతా కడుపులోదంతా కక్కించిన నోరది, ఊరుకుంటుందా? మూడో వారానికల్లా ఆ పిల్ల అత్తగారి సణుగుడు, ఇంటి ఓనరు పేచీలు అన్నీ బాబాయ్‌కి కంఠతా వచ్చేశాయి.

ఆ తర్వాతి వారం ఆమె నాలిక్కరుచుకుంది.

"బాబోయ్, ఇన్నాళ్ళూ నేనే వాగుతున్నాను! ఇవాళ మీరు చెప్పండి, నేను వింటాను."

బాబాయ్ ఎండల గురించి మాట్లాడాడు. ఫ్యానుకి వంకలు పెట్టాడు. ఇక దాటవేయడానికి ఏమీ మిగల్లేదు.

"చేతులమ్మా..." అన్నాడు చివరికి. "కాళ్ళు పోతే స్టూలేసుకుంటా. చేతులు పోతే? నెల్లాళ్ళుగా గడ్డాలన్నీ బామ్మర్దికే వదిలేస్తున్నా. ఇంట్లో తెలీదు." ఇంకేదో అనబోయి భోరుమన్నాడు.

కన్నీళ్ళు ఆగేదాకా ఆమె కూర్చుంది. "ఈ సంగతి డాక్టరుగారికీ, ఇంట్లోనూ ఇవాళే చెప్పాలి. భయం సంగతి మనిద్దరం చూద్దాం" అంది.

ఇంట్లో వినగానే భార్య నెత్తి కొట్టుకుంది. "ఇదా సంగతి! తమ్ముడికి పని నేర్పిస్తున్నారని నేను మురిసి చస్తున్నాను!"

తిట్టినంతసేపు తిట్టి, కుర్చీ లాక్కుని, జడ విప్పుకుని కూర్చుంది.

"చివర్లు కత్తిరించండి."

"చెవి తెగితే?"

"నా చెవేగా. ముందు ఆ కళ్ళు తుడుచుకోండి, కనబడాలిగా."